మసి అంటిన వైపు

తెనాలిలో కంటి డాక్టరు వెంకటరత్నమ్మకి రెండు కళ్ళలోనూ మందు చుక్కలు వేసి, నల్లద్దాలు పెట్టి, సాయంత్రం దాకా వెలుతురు వైపు చూడొద్దని ఒకటికి మూడుసార్లు చెప్పాడు. ఆవిడ బుద్ధిగా తలూపింది. తలూపిన మనిషి తిన్నగా స్టేషనుకొచ్చి, మధ్యాహ్నం రేపల్లె బండెక్కి, కిటికీ పక్క సీటు చూసుకుని మరీ కూర్చుంది. ఆవిడకి అరవై నాలుగేళ్ళు. భర్త పోయాక తొమ్మిదేళ్ళుగా నాలుగెకరాల వ్యవసాయం ఒంటిచేత్తో చేసుకొస్తోంది. అలాంటి మనిషిని దారి పొడుగునా చేలు చూడకుండా కూర్చోమనడం అన్నం ముందు పెట్టి తినొద్దనడమే.

సగం దూరం వచ్చాక పొగ కనబడింది. చేతిలో ఉన్న టిక్కెట్టు మీద అంకెలు అలుక్కుపోయి కనిపిస్తున్న మాట నిజమే గానీ, ఆకాశంలో అంత పొగ కనబడకపోవడానికి ఆవిడ గుడ్డిదేం కాదు. పొగ లేచేది సొంత ఊరు తాడిలంక వైపే. తూర్పుకి ఒరిగి, పొడుగ్గా సాగి ఉంది. కంకులు విరిచాక చేలో మిగిలిన మొక్కజొన్న దంట్లని ఎవరో తగలెడుతున్నారని తెలిసిపోయింది. వాచీ ఉన్న పక్క సీటాయన్ని టైమడిగింది. పన్నెండూ నలభై అన్నాడు.

"ఏ బుద్ధిలేని వెధవ ఈ వేళప్పుడు నిప్పు పెట్టాడో" అంది పైకే. పక్క సీటాయన తననేమో అనుకుని సర్దుక్కూర్చున్నాడు.

ఏప్రిల్ నెలలో ఆ పక్క ఊళ్ళకి రోజుకి రెండు గాలులు. పొద్దున్నుంచీ పడమటి గాలి, పొయ్యిలోంచి వచ్చినట్టు వేడిగా వీస్తుంది. మధ్యాహ్నం ఒంటిగంటకో రెండింటికో అది చచ్చిపోతుంది. కాసేపు ఆకు కదలదు. ఆ తర్వాత సముద్రం మీంచి, ఆగ్నేయ మూల నుంచి పైరగాలి మొదలవుతుంది. ఊరంతా ఆ పైరగాలి కోసం అరుగుల మీద కాచుక్కూర్చుంటారు. కానీ ఊళ్ళో నిప్పు రాజుకుని ఉంటే ఆ గాలంత శత్రువు ఇంకోటి లేదు.

తాడిలంకలో చేనుకి తూర్పున మురుగు కాలవ ఉన్న రైతులంతా ఒకటే పద్ధతిలో దంట్లు కాలుస్తారు. పడమటి గాలి చూసుకుని పడమటి గట్టున అంటిస్తారు. గాలి ఆ మంటని చేను పొడుగునా తోలుకుంటూ పోయి కాలవలో పడేస్తుంది. తాతల నాటి ఉపాయం అది, పొద్దున ఎనిమిదింటికి చేస్తే తప్పేం లేదు. మధ్యాహ్నం చేస్తేనే కొంప మునుగుతుంది. మంటకి ముందుకి పోయే మొహం చిన్నదే గానీ, అది నడిచివచ్చిన దారికి రెండు పక్కలా నిప్పు అంచు పొడుగ్గా ఉంటుంది. గాలి ఉన్నట్టుండి పక్కకి తిరిగిందా, ఆ పొడుగాటి అంచంతా ఒక్కసారిగా మొహమైపోతుంది. అంతదాకా బారెడు వెడల్పున నడిచిన మంట ఫర్లాంగు వెడల్పున పరిగెత్తుతుంది. దాన్ని ఆపడం మనుషుల తరం కాదు.

రేపల్లె దగ్గర పడుతుండగా పొగ నిటారుగా లేచి నిలబడింది. గాలి ఆగిపోయిందన్నమాట. ఆ పొగ లేస్తున్న చోట మురుగు కాలవ పక్కన చేలున్నది ముగ్గురికే. అందులో ఒకడు ఆవిడ తమ్ముడు ప్రకాశరావు. ఫోను తీసి, తడుముకుంటూ తమ్ముడి నంబరు నొక్కింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది, ఎత్తలేదు. స్టేషన్లో దిగేసరికి చీర కొంగు ముందుకి ఎగిరి, మళ్ళీ వెనక్కి కొట్టింది. పైరగాలి వచ్చేసింది.

ఆటో ఊళ్ళోకి వచ్చేసరికి జరగాల్సిందంతా జరుగుతోంది. ప్రకాశరావు చేనుకి ఉత్తరాన బండ్ల డొంక, డొంక గట్టు పొడుగునా పది తాడిచెట్లు, డొంకకి అవతల వాయవ్యంగా ఎనిమిది పాకలు. పొలాల్లో ఎలుకలు పట్టి బతికే కుటుంబాలవి. మంట డొంక దాకా వచ్చి ఆగేదేమో. డొంకలో కాలడానికి ఏముంది, మట్టి తప్ప? కానీ తాడిచెట్లకి వేలాడుతున్న ఎండుమట్టలు అంటుకున్నాయి. పైరగాలి ఆ మట్టల్ని ఊడబెరికి, మండుతున్నవి మండుతున్నట్టే తీసుకెళ్ళి పాకల మీద పడేసింది. ఆకు కప్పిన పాకలు, ఏప్రిల్ ఎండ. ఫైరింజను వచ్చి గొట్టం విప్పేలోపు ఎనిమిదీ అయిపోయాయి.

మనుషులు ఎవరూ పోలేదు. ఆ వేళకి ఆడా మగా అందరూ మిరపకోతకీ ఎలుకలకీ పోయి ఉన్నారు, పిల్లలు ఇంకా బడి నుంచి రాలేదు. కట్టుగొయ్యకి కట్టేసిన మేక మాత్రం తాడు తెంపుకోలేక అక్కడే చచ్చిపోయింది. చిట్టెమ్మ అనే ఆవిడ కాలిన రేకుపెట్టె దగ్గర కూర్చుని, కూతురి పదో తరగతి పుస్తకాలు ఒక్కోటి పైకి తీస్తోంది. తీసిన పుస్తకం తీసినట్టే చేతిలో పొడై రాలిపోతోంది. ఆవిడ ఏడవడం లేదు. ఏడ్చినా బాగుండేదని వెంకటరత్నమ్మకి అనిపించింది.

చిట్టెమ్మ మొగుడే ఏడుకొండలు. వెంకటరత్నమ్మ చేలో ఇరవయ్యేళ్ళుగా ఎలుకలు పట్టేది అతనే. సన్న మూతి కుండలో ఎండుగడ్డి కూరి, నిప్పు వేసి, మూతిని ఎలుక కలుగుకి ఆనించి, కుండ అడుగునున్న బెజ్జంలోంచి ఊదుతాడు. పొగ కలుగులోకి పోతుంది, ఎలుకలు మత్తెక్కి చిక్కుతాయి. పొగకుండ ఊదీ ఊదీ అతని కళ్ళు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి. కొత్తవాళ్ళు తాగి ఉన్నాడనుకుంటారు. ఆ రోజు మధ్యాహ్నం అతను అన్నం తినడానికి పాకకి వచ్చి, తిని, పొగకుండ గుమ్మంలో బోర్లించి, గునపం తీసుకుని మళ్ళీ వెళ్ళాడట. ఆ కుండ పగిలి గుమ్మంలో దొరికింది. అదే సాక్ష్యమైపోయింది. సాయంత్రం నాలుగింటికల్లా పోలీసులు వచ్చి, ఇల్లు కాలి నిలబడ్డ ఏడుకొండల్ని జీపెక్కించుకుపోయారు. పొగకుండలో నిప్పు ఆర్పకుండా వదిలేసి ఎనిమిది పాకలూ, ప్రకాశరావు గారి మూడెకరాల చేనూ, గడ్డివామీ తగలెట్టాడని ఫిర్యాదు. ఫిర్యాదు చేసింది ఎవరో కాదు, ప్రకాశరావు గారే.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. ఆ చుట్టవాడే నయం, ఇల్లు తగలెట్టి అడగలేదు.

వెంకటరత్నమ్మ నల్లద్దాలు తీసి పమిట చెంగున ముడేసుకుని తమ్ముడింటికి నడిచింది. ఆవిడ పుట్టిల్లూ అత్తిల్లూ ఒకే ఊళ్ళో, రెండు వీధుల తేడా. ప్రకాశరావు వసారాలో కూర్చుని మెడకి తడి తువ్వాలు వేసుకుని ఉన్నాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, సహకార సంఘం డైరెక్టరు, ఊళ్ళో పెద్దమనిషి.

"నిప్పు పెట్టింది నువ్వేగా?" అంది గుమ్మంలోంచే.

"నెమ్మదిగా అక్కా. లోపలికొచ్చి కూర్చో."

"నువ్వేనా కాదా?"

ప్రకాశరావు వీధి వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు. "నేనే. ఎవరు కాల్చట్లేదు చెప్పు? నువ్వు కాల్చలేదా ఏనాడూ?"

"కాల్చాను. కోడి కూసే వేళకి పోయి, తొమ్మిదింటికల్లా ఆర్పి, బూడిద మీద నీళ్ళు కొట్టించి ఇంటికొచ్చాను. పన్నెండున్నరకి అగ్గిపుల్ల గీసే తెలివి నాకు లేదు."

"ట్రాక్టరువాడు రేపు కాకపోతే మళ్ళీ వారం దాకా రానన్నాడక్కా. ఒక్క గంటలో అయిపోద్ది కదా అనుకున్నా. ఇవాళ గాలి తొందరగా మళ్ళింది. అది నా తప్పంటావా?"

"గాలి సంగతి తర్వాత. ఏడుకొండల్ని స్టేషన్లో కూర్చోబెట్టారే, అదెవరి తప్పు?"

"వాడికేమవుద్ది? రెండ్రోజులుంచి పంపేస్తారు. పాకలు పోతే గవర్నమెంటు ఏదో ఒకటి చూస్తది. నా మీద కేసు పడితే నా గతేంటి చెప్పు? దంట్లు తగలబెట్టొద్దని రైతు కేంద్రం గోడకి బోర్డు పెట్టిన రోజు కొబ్బరికాయ కొట్టింది నేనే కదా."

అంత అన్యాయం మాట అంత మామూలుగా అనేసరికి వెంకటరత్నమ్మ తన చేతి వైపు చూసుకుంది. ఈ చేత్తోనే వీడికి గోరుముద్దలు పెట్టానే అనుకుంది. చలిజ్వరం వచ్చినప్పుడు రాత్రంతా ఒళ్ళో పడుకోబెట్టుకున్న పిల్లాడు వీడేనా అని మొహంలోకి చూసింది. మందు చుక్కల వల్ల ఆ మొహం కూడా అలుక్కుపోయే కనిపించింది.

"రేపు పొద్దున పంచనామాకి వస్తారంట" అంది చివరికి. "వాళ్ళ ముందు నీ నోటితో నువ్వే చెప్పు. నిప్పు నేనే పెట్టాను, గాలి మళ్ళింది, ఏడుకొండలుకి సంబంధం లేదు అని చెప్పు. నువ్వు చెబితే నేను నీ పక్కనే నిలబడతా. చెప్పకపోతే ఎదురుగా నిలబడతా."

మరదలు పుష్పలత కాఫీ తెచ్చింది. వెంకటరత్నమ్మ గ్లాసు ముట్టకుండా లేచి వచ్చేసింది. ఆ రాత్రి పాకల జనమంతా ఆవిడ కళ్ళంలోనే, టార్పాలిన్ల మీద పడుకున్నారు.

మర్నాడు పొద్దున పదింటికి డొంక మీద జనం చేరారు. బాపట్ల నుంచి అగ్నిమాపక అధికారి వచ్చాడు. ముప్పై దాటని కుర్రాయన, యూనిఫాం నలగలేదు. ఊరి వీఆర్వో తనూజ అట్టకి కాగితాలు పెట్టుకుని, చెప్పింది చెప్పినట్టు రాసుకోవడానికి నిలబడింది. సాయంత్రంలోగా ఆ కాగితం బాపట్ల కలెక్టరాఫీసుకి పోవాలి. దాన్ని బట్టే ఏడుకొండలు మీద కేసు కట్టడమో వదలడమో. దాన్ని బట్టే ఆ ఎనిమిది కుటుంబాలూ అక్కడే మళ్ళీ ఇళ్ళు కట్టుకోవడమో, నిప్పుతో ప్రమాదం తెచ్చే మనుషులంటూ వాళ్ళని ఊరి నుంచి పంపేయడమో. పంపేయాలనే మాట అప్పటికే ఊళ్ళో ఇద్దరు ముగ్గురు అనేశారు. కుక్కని చంపాలంటే పిచ్చిదని పేరు పెడితే చాలు కదా.

ప్రకాశరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. అక్క వైపు చూడలేదు. తిన్నగా అధికారి దగ్గరికి వెళ్ళి, "ఇటు రండి సార్, నోటితో చెప్పడం ఎందుకు, కళ్ళతోనే చూద్దురు గాని" అని తాడిచెట్ల దగ్గరికి తీసుకెళ్ళాడు.

"ఇదిగోండి, ఇది నా చేను వైపు. చూశారా, మాను మొదట్లో కొంచెం కమిలిందంతే. ఇప్పుడు ఇటు రండి, పాకల వైపు. ఎంత ఎత్తున నల్లబడిపోయిందో చూడండి. రెండు నిలువులుంది. పది చెట్లూ ఇంతే సార్. మంట ఎటు నుంచి వచ్చినట్టండి?"

అధికారి పైకీ కిందికీ చూశాడు. పాకల వైపు మాను బొగ్గులా ఉంది. చేను వైపు బూడిద రంగు అలాగే ఉంది. "పాకల వైపు నుంచే వచ్చినట్టుందండి" అన్నాడు. జనంలో ఉన్న పెద్దమనుషులంతా తలలూపారు. నిజమే మరి, ఎవరికి చూపించినా అదే అంటారు. మసి ఎటుంటే మంట అటు నుంచేగా రావాలి? తలలూపిన వాళ్ళలో ఎకరాలకి ఎకరాలు ఉన్నవాళ్ళున్నారు, చదువుకున్నవాళ్ళున్నారు. పుట్టి బుద్ధెరిగాక పొయ్యి ముందు కూర్చున్నవాడు మాత్రం ఒక్కడూ లేడు.

తనూజ పెన్ను కాగితం మీద పెట్టింది.

"ఆగమ్మా" అంది వెంకటరత్నమ్మ. జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. "తమ్ముడూ, ఆఖరిసారి అడుగుతున్నా. చెప్తావా?"

"ఏంటక్కా చెప్పేది? చెట్లే చెప్తున్నాయిగా."

"నిన్న సాయంత్రం మీ వసారాలో నాతో ఏమన్నావు?"

ప్రకాశరావు అధికారి వైపు తిరిగి నవ్వాడు. "మా అక్కండి. నిన్న తెనాలిలో కళ్ళలో చుక్కలేయించుకుని వచ్చింది. మనిషి కుదురుగా లేదు. ఆ పాకలవాళ్ళని చూసి జాలిపడి ఏదో మాట్లాడతంది."

కొందరు నవ్వారు. వెంకటరత్నమ్మకి ఒళ్ళు భగ్గుమంది. అబద్ధమాడితే ఆడాడు. ఆమె కళ్ళనీ, ఆమె వయసునీ, ఆమె జాలినీ ముగ్గురు సాక్షుల్లా తన వైపు నిలబెట్టుకున్నాడు. అది ఆవిడ తట్టుకోలేకపోయింది.

"బాబూ, మంట మసి ఉన్న వైపు నుంచి రాదు" అంది అధికారితో. "మసి లేని వైపు నుంచి వస్తుంది."

"అదెలా కుదురుతుందండి?"

"ఎలా కుదురుతుందో చూపిస్తా. పుష్పా, మీ ఇంట్లో నీళ్ళ బిందె తీసుకురా. బాగా తోమిన స్టీలుది."

పుష్పలత మొగుడి వైపు చూసింది, ఆడబిడ్డ వైపు చూసింది. ఆడబిడ్డ మొహం చూశాక ఇంటికి నడిచి, తళతళలాడే బిందె తెచ్చి ఇచ్చింది. వెంకటరత్నమ్మ దాన్ని కాలిన చేలో, బూడిద తప్ప ఏమీ లేని చోట బోర్లించింది. అంటుకోకుండా మిగిలిన దంట్లు ఏరించి, బిందె చుట్టూ మోకాలెత్తున పేర్చింది. ఫైరు సిబ్బందిని నీళ్ళ బకెట్లతో దగ్గర నిలబెట్టింది.

"బాబూ, గాలి ఇప్పుడు ఎటు నుంచి వీస్తోంది?"

అధికారి జేబురుమాలు తీసి పట్టుకున్నాడు. అది తూర్పుకి ఎగిరింది. "పడమట నుంచండి."

"అయితే పడమటి వైపే అంటిస్తున్నా. అందరూ దగ్గరికి రండి. మగవాళ్ళు బాగా దగ్గరికి రండి."

దంట్లు చిటపటమంటూ అంటుకున్నాయి. గాలికి మంట బిందె మీదికి వంగి, దాన్ని రెండు చేతుల్తో వాటేసుకున్నట్టు అటూ ఇటూ చీలి, వెనక్కి పోయి కలుసుకుంది. వెనక తూర్పు వైపున బిందె చాటుంది. గాలి లేదు. ఆ చాటున మంట నిటారుగా లేచి, బిందె వీపంతా నాకుతూ పైదాకా పాకింది. నిమిషంలో దంట్లు అయిపోయాయి. నీళ్ళు చల్లించి, కొంగుతో పట్టుకుని బిందెని పైకెత్తి, అధికారి మొహం ముందు నెమ్మదిగా తిప్పింది. నిప్పంటించిన పడమటి వైపు బెత్తెడు మసి. దానికి వెనక తూర్పు వైపు నిండా కారు నలుపు.

వెనకున్నవాళ్ళు బిందె చూడ్డానికి ముందుకి తోసుకొచ్చారు.

"గాలికి ఎదురుగా ఉన్న వైపు మంటని నిలవనివ్వదు బాబూ, తోసేస్తుంది. చాటు దొరికిన చోట అది పైకెక్కుతుంది. బిందె అయినా, తాడిచెట్టయినా అంతే. ఇందులో చదువేం లేదు. మీ ఇళ్ళల్లో ఆడవాళ్ళని అడగండి. ఆరుబయట పొయ్యి మీద వండిన గిన్నె ఏ వైపు తోమితే చెయ్యి నొప్పెడుతుందో చెప్తారు."

"అవునండి, నిజమేనండి. పొయ్యికి అవతలి వైపే మాడుద్ది" అంది జనంలోంచి ఓ ఆడగొంతు. "గాలి ఇటైతే మసి అటేనండి" అంది ఇంకొకావిడ. నిన్నటి నుంచీ అక్కడున్న ఆడవాళ్ళందరికీ తెలిసిన సంగతే అది. అడిగినవాడు లేడు. తాడిచెట్టు మసికీ గిన్నె మసికీ చుట్టరికం ఉందని చెబితే వినేవాడు అసలే లేడు.

కుర్రాయనే అయినా అధికారికి బుద్ధుంది. మళ్ళీ మొదటి చెట్టు దగ్గర్నుంచి పదో చెట్టు దాకా నడిచి, ప్రతి మానూ చుట్టూ తిరిగి చూసి వచ్చాడు. "అన్నిటికీ వాయవ్యం వైపే మసుందండి. అంటే మంట ఆగ్నేయం నుంచి, ఈ చేలోంచి వచ్చింది. పైరగాలి మొదలయ్యాకే పాకలు అంటుకున్నాయి. పాకల్లో పుట్టిన నిప్పైతే పైరగాలికి ఎదురొచ్చి ఈ చెట్లని ఇలా కాల్చలేదు" అన్నాడు. తనూజ గబగబా రాసింది. స్టేషనుకి ఫోను చేసి, ఏడుకొండల్ని ఇక్కడికి తీసుకురమ్మన్నాడు.

ప్రకాశరావు మొహంలో రంగు మారింది గానీ గొంతు మారలేదు. మాట మార్చడం పెద్దమనుషులకి పక్క మార్చినంత తేలిక. "సరే సార్, నా చేలోంచే వచ్చిందనుకుందాం. చేలో ఎలా అంటుకుందో ఎవడు చూశాడు? ఎవడో దారినపోయేవాడు బీడీ పడేసి ఉంటాడు. అయినా నిప్పు ఏం చేసిందండి, చేసిందంతా ఆ గాలి. గాలి మీద కేసు పెడతామా?"

అధికారి తనూజ చేతిలోని కాగితం చూశాడు. అందరికీ నెప్పి లేని దారి కనబడింది పాపం. "ఏడుకొండలు పేరు తీసేద్దాం. కారణం దగ్గర, బలమైన గాలుల వల్ల ప్రమాదవశాత్తూ అని రాయండి" అన్నాడు తనూజతో.

"రాయకు" అంది వెంకటరత్నమ్మ.

"మామ్మగారూ, అతన్ని వదిలేస్తున్నారు కదండి" అంది తనూజ నెమ్మదిగా.

"గాలి ప్రతి రోజూ వస్తుందమ్మా. నిన్న వచ్చింది, ఇవాళ ఒంటిగంటకి మళ్ళీ వస్తుంది. ఎన్ని రోజులు వచ్చి వెళ్ళింది, ఏ పాకైనా కాలిందా? నిన్న మధ్యాహ్నం పన్నెండున్నరకి చేలోకి అగ్గిపెట్టె పట్టుకుని వచ్చిన మనిషి ఒకడే. ఏ వేళకి ఏ గాలి వస్తుందో పుట్టినప్పటి నుంచీ ఎరిగిన మనిషి. చేతకాక చేసింది కాదు, ఒక్క రోజు ఓపిక లేక చేసింది. పేదవాడి చేతిలో నిప్పుంటే నేరం, పెద్దవాడి చేతిలో నిప్పుంటే గాలి తప్పా?"

ఆ మాటకి ప్రకాశరావు తల తిప్పుకున్నాడు. అప్పుడే కానిస్టేబులు మోటారు సైకిలు మీద ఏడుకొండల్ని తీసుకొచ్చి దింపాడు. చొక్కా భుజం దగ్గర చిరిగింది. ఎడమ చెంప వాచింది. రెండ్రోజులుంచి పంపేస్తారన్నారు కదా, ఒక్క రాత్రికే అది. చిట్టెమ్మ ఎదురెళ్ళి భుజం పట్టుకుంది. ఆమె ఏదో చెబుతుంటే అతను విన్నాడు. విని, సంతోషించాల్సిన మనిషి కంగారుగా వెంకటరత్నమ్మ దగ్గరికి వచ్చి చేతులు జోడించాడు.

"అమ్మా, మీకు దణ్ణం పెడతా. నన్నొదిలేశారు, చాలు. పెదబాబుగారి పేరు రాయించొద్దమ్మా."

"ఏంట్రా?"

"గాలి వల్లే కాలిందని నేనూ చెప్తానమ్మా. ఆయన పేరు రాస్తే రేపట్నుంచి ఈ ఊళ్ళో ఎవరి చేలోకి రానిస్తారు మమ్మల్ని? ఎలకలు పట్టకపోతే ఏం తిని బతకాలి?"

డొంక మీద ఉన్న రైతులు ఒక్కరూ కాదనలేదు. అలాంటిదేం లేదు ఏడుకొండలూ, మేం పిలుస్తాం అని ఒక్క నోరు లేవలేదు. వెంకటరత్నమ్మ వాళ్ళ మొహాలన్నీ వరసగా చూసింది. నిన్న తమ్ముడి వసారాలో వచ్చిన కోపం ఒక మనిషి మీద. ఇప్పుడు ఊరంతటి మీద వచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు.

"నీ ఇల్లు తగలెట్టినవాడి పేరు చెప్పడానికి నువ్వు ఇంత భయపడతన్నావు" అంది. "నీ పేరు చెప్పడానికి వాడు ఒక్క నిమిషం వెనకాడలేదురా ఏడుకొండలూ. పేరు రాయమంది నువ్వు కాదు, నేను. ఎవడైనా అడిగితే ఈ మాట చెప్పు. నా నాలుగెకరాల్లోకి నిన్ను రావద్దనేవాడు ఇంకా పుట్టలేదు. మిగతావాళ్ళ చేలంటావా, వరి పొట్ట మీదికొచ్చినప్పుడు ఎలకలు కొరికేస్తే వాళ్ళే వస్తారు, నీ గుమ్మంలోకి."

తర్వాత తనూజ వైపు తిరిగింది. "రాయమ్మా. ఏప్రిల్ ఎండలో, గాలి మళ్ళే వేళ అని తెలిసి, తన చేలో మొక్కజొన్న దంట్లకి నిప్పు పెట్టింది ప్రకాశరావు. ఆ మాట నిన్న సాయంత్రం సాక్షితో స్వయంగా ఒప్పుకున్నాడు. సాక్షి వెంకటరత్నమ్మ."

"అక్కా" అన్నాడు ప్రకాశరావు. గొంతు మొదటిసారి వణికింది. "నలుగుర్లో నా పరువు తీస్తున్నావు. ఇది రాయించావంటే నీకూ నాకూ ఇంతటితో సరి. నా గడప తొక్కొద్దు."

అధికారి ఏమంటాడోనని తనూజ చూసింది. ఆయన ఒకసారి బిందె వైపు, ఒకసారి ఏడుకొండలు చెంప వైపు చూసి, రాయమన్నట్టు తలూపాడు. తనూజ చెప్పింది చెప్పినట్టు రాసి, కింద గళ్ళ దగ్గర ఆగింది. అడగడానికి మొహమాటపడుతూనే అడిగింది.

"ఇక్కడ ఇంకో గడి ఉందండి మామ్మగారూ. నిప్పు పెట్టిన వ్యక్తికి సాక్షి ఏమవుతారు అని. ఖాళీగా వదిలేయమంటారా?"

"ఎందుకు వదలడం?" అంది వెంకటరత్నమ్మ పెన్ను కోసం చెయ్యి చాస్తూ. "అక్క అని రాయి. తోడబుట్టిన అక్క."

తనూజ రాసింది. వెంకటరత్నమ్మ కాగితాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, ఆ మాట సరిగ్గా ఉందో లేదో చూసుకుని, దాని కింద సంతకం పెట్టింది.